శౌరయ్య పాస్ చెయ్యని కారు

తిరువూరులో పాత కారు కొనబోయే మనిషి ఎవరైనా ముందు బానెట్టు ఎత్తి ఇంజను వైపు చూస్తాడు. అర్థమైనా కాకపోయినా తల పంకిస్తాడు. కండక్టరు శౌరయ్య మాత్రం వెనక తలుపు తీస్తాడు. ఏ కారునైనా ఆయన వెనక సీట్లో కూర్చునే చూస్తాడు. ముందు కూర్చోమని ఎంత బతిమాలినా కూర్చోడు. ఇంజను చూపించబోతే మొహం పక్కకు తిప్పుకుంటాడు. "దాన్ని చూసేవాళ్లు చాలామంది ఉన్నారు లెండి," అంటాడు.

ఆయనకు కారు నడపడం రాదు. ఈ సంగతి మొదటే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే ఊళ్లో ఎవరూ దీన్ని పట్టించుకోరు. రిటైరయ్యేదాకా ఆర్టీసీ బస్సులో కండక్టరుగా చేశాడు తప్ప, స్టీరింగు మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. అయినా పాత కారు బేరం తగిలిందంటే విస్సన్నపేట నుంచి కూడా మనుషులు ఆయన గుమ్మం తొక్కుతారు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "వంకాయ కూర బాగుందో లేదో చెప్పడానికి వంట రావాలా, తినడం రావాలా?" అని అడుగుతాడు.

ఆయన పరీక్షకు రెండు షరతులున్నాయి. ఒకటి, సెంటర్లో ఒక చుట్టు తిప్పి తీసుకొస్తే ఒప్పుకోడు. కారు ఒక ఊరు పోయి రావాలి. రెండు, కొనేవాళ్ల ఇంట్లో అందరికంటే పెద్ద మనిషి ఎవరో వాళ్లు తన పక్కన కూర్చోవాలి. "ఖాళీ కారు అబద్ధం చెప్పుద్ది. కుర్రాళ్లు కూర్చుంటే సగం అబద్ధం చెప్పుద్ది. నడుము నొప్పి ఉన్నవాళ్లు కూర్చుంటేనే అసలు సంగతి బయటపడుద్ది," అంటాడు. పెద్దవాళ్లు సర్దుకుని కూర్చున్నాక సిలువ గుర్తు వేసుకుని, చొక్కా జేబులోంచి పాత విజిల్ తీసి ఊదుతాడు. రైట్ రైట్ అంటాడు. అప్పుడు గాని కారు కదలకూడదు.

బసవపున్నయ్యగారు ఒకసారి పెద్ద కారు చూసుకుని ఆయన్ని పిలిచారు. ఇంట్లో పెద్దావిడ ఎవరని శౌరయ్య అడిగాడు.

"మా అమ్మ రావమ్మ ఉందండి. ఆవిడ్ని ఎందుకు కదపడం, ఎక్కడికీ వెళ్లదు ఆవిడ."

"వెళ్లదా, వెళ్లలేదా?"

"రెండూ ఒకటే కదండి."

"ఒకటో కాదో చూద్దాం. ముందు తీసుకురండి."

రావమ్మగారిని ఎక్కించుకుని గంపలగూడెం వెళ్లొచ్చారు. దారిలో ఆవిడ మిరపకాయ బజ్జీలు తిన్నది, కనిపించిన ప్రతి తోటా ఎవరిదని అడిగింది. తిరిగొచ్చాక శౌరయ్య తీర్పు చెప్పాడు. "ఫెయిలు. పెద్దమ్మగారికి కిటికీలోంచి చెట్ల కొసలే తప్ప మనుషులు కనపడటంలేదు." బసవపున్నయ్యగారు నవ్వేసి ఆ కారే కొన్నారు. నెల తిరక్కుండానే దాని గేరుబాక్సు పోయింది. శౌరయ్య ముందే చెప్పాడని ఊరంతా అన్నది. గేరుబాక్సు అన్న మాట ఆయన ఎత్తనే లేదు, అసలు అది ఎక్కడుంటుందో కూడా ఆయనకు తెలియదు. కానీ కీర్తి అలాగే వస్తుంది, వచ్చాక పొమ్మన్నా పోదు.

మేరమ్మకు ఇదంతా చాదస్తంగానే తోచేది. తన అవసరం వచ్చాక మరీ చాదస్తంగా తోచింది.

మేరమ్మ గంపలగూడెం వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. భర్త కృపానందం హైస్కూల్లో లెక్కల మాస్టారు. క్లాసులో ఎంత గట్టిగా మాట్లాడతాడో బయట అంత మెత్తన. అత్తగారు హన్నమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషను తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమైంది. ఆ కుర్చీ ఎవరో దానం చేసిన గట్టి ఇనప కుర్చీ, మడతపడదు. ఆటోలో పట్టదు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిందని ఊళ్లో అమ్మలక్కలందరూ తిరుగుతుంటే, హన్నమ్మ గుమ్మంలో కూర్చుని పోయే బస్సుల్ని చూసేది. కుర్చీతో బస్సు ఎక్కేదెలా? ఆసుపత్రికి తప్ప ఆమె గడప దాటి చాలా రోజులైంది.

అందుకే వాళ్లకు ఆ పొడుగు కారు కావలసి వచ్చింది. విస్సన్నపేట రోడ్డులో పాత కార్లు అమ్మే యేసుబాబు షెడ్డులో ఉందది. మామూలు కార్లకు డిక్కీ ఉండే చోట దీనికి కూడా కప్పు వేసి, అద్దాలు పెట్టి, చిన్న గదిలా కట్టారు. ఇనప కుర్చీ అలాగే ఎత్తి లోపల పెట్టొచ్చు. తన అదృష్టం కొద్దీ ఇంకెవరికీ అలాంటి కారు నచ్చలేదు కాబట్టి చవగ్గా వస్తోందని కృపానందం సంబరపడ్డాడు. అందరికీ నచ్చనిది మనకే ఎందుకు నచ్చాలని మేరమ్మ భయపడింది.

ఆమె భయానికి కారణాలు ఉన్నాయి. కంపెనీ ఆ రకం కార్లు చెయ్యడం ఎప్పుడో మానేసింది. ఒక అద్దం పగిలితే ఎన్ని ఊళ్లు వెతకాలో తెలియదు. అంతకుముందు దాన్ని వాడిన మామిడికాయల వ్యాపారి వెనకంతా పెట్టెలు కుక్కి తిప్పాడు. తలుపు తియ్యగానే పండు వాసన వచ్చేది, వేసవిలో ఈగలు కూడా వచ్చేవి. మెకానిక్ జోజప్ప కారంతా చూసి, "ఇంజను రాయి లాంటిది టీచర్ గారూ. స్ప్రింగులు మార్చారు, బ్రేకులు బాగున్నాయి. ఏసీ సంగతి మాత్రం మర్చిపోండి," అన్నాడు. అన్నీ బాగున్నాయని చెప్పినా నమ్మకం కుదరని మనసు ఆమెది. కొంటే ఒక్కసారే కొనగలరు. ఇది దగా చేస్తే మళ్లీ ఇంకోటి కొనే స్తోమత లేదు, హన్నమ్మ ఇక గుమ్మంలోనే ఉండిపోతుంది.

"శౌరయ్య బాబాయిగారిని ఓసారి చూడమందాం," అన్నాడు కృపానందం.

"ఆయనేం చూస్తారండీ? వెనక కూర్చుని విజిల్ ఊదుతారు."

"ఊదనీ. ఆయన పాస్ చేసిన కారు ఏదీ రోడ్డు మీద ఆగలేదట."

"పాస్ చెయ్యనివన్నీ ఆగాయా?"

కృపానందం లెక్కల మాస్టారే గాని ఈ లెక్క జోలికి పోలేదు. మర్నాడే శౌరయ్యను పిలుచుకొచ్చాడు.

శౌరయ్య కారు ఎలాంటిదని కూడా అడగకుండా నేరుగా హన్నమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "హన్నమ్మక్కా, కారు పరీక్ష చెయ్యాలి. ఎటు పోదాం?"

"నన్నడుగుతావేంటి శౌరయ్యా? కొనేది వాళ్లు."

"కొనేది వాళ్లేలే. కూలబడేది నువ్వు. ఎటు పోదాం?"

హన్నమ్మ కాసేపు కొడుకు వంక, కోడలు వంక చూసింది. "విస్సన్నపేటలో మా చెల్లెలు రాహేలమ్మ ఉంది," అన్నది. అడక్కూడనిదేదో అడిగినట్టు గొంతు తగ్గించి మరీ అన్నది.

యేసుబాబు ఒకప్పుడు కృపానందం దగ్గర లెక్కలు చదివినవాడు కాబట్టి మారుమాట లేకుండా తాళం ఇచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరారు. కృపానందం నడిపాడు, మేరమ్మ ముందు సీట్లో కూర్చుంది. వెనక కిటికీ పక్కన హన్నమ్మ, ఆమె పక్కన శౌరయ్య, వాళ్ల వెనక ఇనప కుర్చీ. అలాంటి పొడుగు కారు తిరువూరు జనానికి ఒక్క సందర్భంలోనే పరిచయం. బస్టాండు సెంటర్లో ఒక పెద్దాయన తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతులు జోడించాడు. టీ కొట్టు ముందున్నవాళ్లు లేచి నిలబడ్డారు. హన్నమ్మ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వాళ్లందరికీ ఊపింది. తువ్వాలు తీసిన పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

వెళ్లేటప్పుడు కారు చక్కగా వెళ్లింది. రాహేలమ్మ అక్కను చూసి ఏడ్చి, ఆ వెంటనే ఇన్నాళ్లూ రాలేదని తిట్టి, కోడిని కోసింది. తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో వెనకనుంచి చప్పుడు మొదలైంది. టక్ టక్. కాసేపు ఆగి, మళ్లీ టక్.

విజిల్ మోగింది. "హోల్డాన్," అన్నాడు శౌరయ్య.

కృపానందం కారు ఆపి దిగాడు. నాలుగు చక్రాలూ తన్ని చూశాడు. ఆపితే చప్పుడు లేదు. కదిలిస్తే మళ్లీ వచ్చింది. షెడ్డుకు వచ్చాక శౌరయ్య గంభీరంగా తల ఆడించాడు. "ఇది ఒకసారికి తేలే చప్పుడు కాదమ్మాయ్. ఇంకో ఊరు పోయి చూడాలి."

మర్నాడు జోజప్ప ఒక్కడే కారేసుకుని ఎ.కొండూరు దాకా వెళ్లొచ్చాడు. ఏ చప్పుడూ వినపడలేదన్నాడు. "మనిషిని బట్టి వచ్చే చప్పుడు నా సర్వీసులో చూళ్లేదు సార్," అని ఆశ్చర్యపోయాడు.

రెండో ఆదివారం ఎటు పోదామని శౌరయ్య అడిగితే, హన్నమ్మ చుట్టాల ఊరేదీ చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు తాను నాట్లు వేసిన పొలాలు చూడాలన్నది. అవి తనవి కావు, ఎవరివో. వాటిని చూడ్డానికి వెళ్లడమేంటని మేరమ్మకు నవ్వొచ్చింది. శౌరయ్యకు రాలేదు. "మంచి రూటు. గతుకులున్నాయి, బండి సంగతి తెలుస్తుంది," అన్నాడు.

కారు పొలాల గట్టు దాకా వెళ్లి ఆగింది. వరి పండిన చోట్ల కొన్ని మొక్కజొన్న అయ్యాయి, కొన్నింట్లో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు వేశారు. హన్నమ్మ ఒక్కో మడినీ వేలితో చూపించి, అక్కడ ఎవరు పాట అందుకునేవారో, ఎక్కడ జలగలు ఎక్కువో, ఎక్కడ ఆసామి అన్నం పెట్టకుండా పంపాడో చెప్పుకొచ్చింది. కృపానందం ఆ మాటలు ఎప్పుడూ వినలేదు. ఆయన తల్లి నోట ఇన్ని మాటలు ఒక్కసారి వచ్చి ఎంతకాలమైందో కూడా ఆయనకు గుర్తులేదు. తిరుగు ప్రయాణంలో, మెయిన్ రోడ్డు ఎక్కగానే, టక్ టక్.

"హోల్డాన్."

ఈసారి జోజప్పకు పంతం పుట్టింది. వెనక సీటు పీకాడు, కార్పెట్టు లేపాడు, తలుపుల లోపలి అట్టలు విప్పాడు. పగలంతా పని చేసి, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఒక మూలనుంచి ఎండిన మామిడి టెంకను బయటికి తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊళ్లో అందరికీ చూపించాడు. "ఇదీ దొంగ," అన్నాడు. మేరమ్మకు ప్రాణం లేచొచ్చింది. కొనేద్దామని భర్తతో చెప్పింది.

"తొందరపడకమ్మాయ్," అన్నాడు శౌరయ్య. "దొంగ ఒక్కడే ఉంటాడని ఏముంది? ఇంకోసారి చూద్దాం."

మేరమ్మకు కోపం వచ్చింది. బళ్లో పిల్లలు కూడా ఇంత విసిగించరు. ఆ సాయంత్రం తానే యేసుబాబు షెడ్డుకు వెళ్లింది. ఆమెను చూడగానే యేసుబాబు చేతులు నలుపుకున్నాడు.

"టీచర్ గారూ, నేనే వద్దామనుకుంటున్నా. ఖమ్మం నుంచి క్యాటరింగ్ ఆయన వచ్చాడు. గిన్నెలు పెట్టుకోడానికి ఇదే కావాలంటున్నాడు. ఆదివారం సాయంత్రం అడ్వాన్సుతో వస్తానన్నాడు. మీరు ఏదోటి తేల్చండి."

"ఎప్పుడో తేల్చేవాళ్లం. మా బాబాయిగారు తేల్చనిస్తేగా."

"ఆయన సంగతే చెప్దామా వద్దా అనుకుంటున్నా. ఏమనుకోవద్దు. మొదటి రోజే కండక్టర్ గారు నా దగ్గరికొచ్చి, నేను చెప్పేదాకా ఈ కారు వాళ్లకి ఇవ్వకు, బయటవాళ్లకీ ఇవ్వకు అన్నారు. పెద్దాయన కదా అని ఇన్నాళ్లూ ఆపా."

అనుమానం పెనుభూతం అంటారు. ఇంటికి నడిచొచ్చేలోగా ఆ భూతం మేరమ్మ భుజాల మీదికెక్కి కూర్చుంది. కారు బాగానే ఉందని శౌరయ్యకు మొదటే తెలుసా? తెలిస్తే ఆపడమెందుకు? ఆయనకూ బ్రోకర్లకూ ఏమైనా ఉందా? ఆయన ఇంతవరకు టీ చుక్క తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. మంచివాడన్న పేరు ఉన్నవాడి మీద అనుమానం వస్తే, చెడ్డవాడి మీద వచ్చినదానికంటే ఎక్కువ బాధ పెడుతుంది. మేరమ్మ భర్తకు కూడా చెప్పలేదు. ఈసారి వెనక సీట్లో తానే కూర్చోవాలని మాత్రం నిశ్చయించుకుంది.

మూడో ఆదివారం హన్నమ్మ నెమలి పోదామన్నది. అక్కడ సుబ్బాయమ్మ ఉంది. ఇద్దరూ జతగా నాట్లకు వెళ్లినవాళ్లు, ఒకే మడిలో పక్కపక్కన వంగి పని చేసినవాళ్లు.

మేరమ్మ వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుంది. "ఇవాళ మీరు ముందు కూర్చోండి బాబాయ్ గారూ. చప్పుడు నేను వింటా."

శౌరయ్య ముందు సీటు వంక, దానిలో ఏదో పాము పడుకున్నట్టు చూశాడు. "సర్వీసంతా వెనక నిలబడ్డవాణ్ణమ్మా. ముందు కూర్చుంటే నాకు కళ్లు తిరుగుతాయి."

"మరి ఎక్కడ కూర్చుంటారు?"

ఆయన కారు చుట్టూ తిరిగి, వెనక పెద్ద తలుపు లేపి, లోపలికి పాకి, హన్నమ్మ ఇనప కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. కప్పు ఆయన బట్టతలకు ఆనుకుంది. అక్కడినుంచే సిలువ గుర్తు వేసుకుని విజిల్ ఊదాడు. "రైట్ రైట్."

నెమలిలో సుబ్బాయమ్మ కారు చూసి, ఎవరో పోయారనుకుని గుండెలు బాదుకుంటూ బయటికి వచ్చింది. కిటికీలో హన్నమ్మ కనపడగానే ఆ చేతులే నడుముకు చేరాయి.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?"

"రోజూ గుర్తొస్తావే. గుర్తొచ్చినప్పుడల్లా రావాలంటే కాళ్లుండొద్దూ?"

ఆ పూటంతా వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు విననేలేదు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఒక దగ్గర హన్నమ్మ కుర్చీలోంచి జారిపోయేటంతగా నవ్వింది. మేరమ్మ వసారా స్తంభానికి ఆనుకుని ఆ నవ్వు చూసింది. తుంటి విరిగాక ఆమె ఇంట్లో ఎప్పుడూ అలా నవ్వలేదు. పడకముందు నవ్విందో లేదో కూడా తాను గమనించలేదని మేరమ్మకు అప్పుడే తోచింది. ఆ సంగతి ఆమెకు కష్టంగానే అనిపించింది.

తిరుగు దారిలో ఎండ వాలింది. హన్నమ్మ కిటికీలోంచి తోటల వైపు చూస్తూ కూర్చుంది. గంపలగూడెం ఇంకా రాలేదు, చప్పుడు వచ్చింది. టక్ టక్. మేరమ్మ చెవి పెట్టింది. వెనకనుంచి కాదు, కిందనుంచి కాదు. చాలా దగ్గరనుంచి వస్తోంది. ఆమె మెల్లగా తల దించి చూసింది.

హన్నమ్మ కుడి చెయ్యి పైటచెంగు కింద ఉంది. ఆ చేతిలో పొడుం డబ్బీ ఉంది. డబ్బీ అంచుతో తలుపు కింది రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగి, ఇంకోటి కొట్టింది. మొహం మాత్రం కిటికీ వైపే ఉంది, దేవదూత కూడా అంత అమాయకంగా ఉండదు.

మేరమ్మ వెనక్కి తిరిగింది. ఇనప కుర్చీలో శౌరయ్య చప్పుడు వైపు చూడటంలేదు, మేరమ్మ వైపే చూస్తున్నాడు. కాపీ కొడుతూ దొరికిన పిల్లాడికీ, పట్టుకున్న టీచరుకూ మధ్య నడిచే చూపు అది. అయితే ఎవరు ఎవరో ఆమెకు తేలలేదు.

"వచ్చింది మేరీ, విన్నావా?" అన్నాడు ముందునుంచి కృపానందం, నీరసంగా.

"విన్నా. మీరు పోనివ్వండి."

గంపలగూడెంలో టీకి ఆపారు. కృపానందం తల్లికి టీ పట్టుకెళ్లాడు. మేరమ్మ, శౌరయ్య బంకు పక్కన నిలబడ్డారు.

"మీకు మొదటినుంచీ తెలుసా?"

"బస్సులో ఎవరు గంట కొట్టారో చూడకుండా చెప్పేవాణ్ణమ్మా. పక్కన కూర్చున్న మనిషి డబ్బీ కొడితే తెలీదా?"

"మరి చెప్పొచ్చుగా. మీ మీద ఎంత అనుమానపడ్డానో తెలుసా? మీకు కమీషనేదో ఉందనుకున్నా."

శౌరయ్యకు కోపం రాలేదు. టీ ఊదుకుంటూ నిలబడ్డాడు. "బస్సులో కొంతమంది ముసలాళ్లు ఎక్కేవాళ్లు. ఎక్కడికమ్మా అంటే, నీ బస్సు ఎక్కడిదాకా పోద్దో అక్కడికి నాయనా అనేవాళ్లు. చివరిదాకా వచ్చి, దిగకుండా అదే బస్సులో ఇంటికి పోయేవాళ్లు. ఏ ఊళ్లోనూ పని లేదు వాళ్లకి. ఇంట్లో అందరికీ పనుంది, అంతే. రిటైరయ్యాక ఈ కార్ల సంగతి చూశా. కొనేదాకా కారు అమ్మ కోసం, నాన్న కోసం అంటారు. కొన్న రోజు ప్రార్థన చేయించి ఓసారి ఎక్కిస్తారు. ఆ తర్వాత కారుకి పనులు పడతాయి. బడికి, ఆఫీసుకి, పెళ్లిళ్లకి. పెద్దాళ్లని ఎక్కించేది మళ్లీ ఆసుపత్రికే."

మేరమ్మ గ్లాసు వైపు చూసింది. కారు వచ్చాక పొద్దున్నే తనను బళ్లో దింపి, భర్త హైస్కూలుకు వెళ్లడం, సాయంత్రం ట్యూషన్లకు తిరగడం, సెలవుల్లో విజయవాడ వెళ్లి బట్టలు కొనడం అన్నీ ఆమె మనసులో ఎప్పుడో సర్దేసుకుంది. ఆ సర్దుబాటులో హన్నమ్మకు చోటు ఉందా అంటే, ఉంది. ఎప్పుడో ఒకప్పుడు అన్న చోట ఉంది.

"అందుకని చూసే కారులోనే వాళ్లని తిప్పుతున్నారన్నమాట."

"కొన్న కారులో సీటుంటుందో లేదో నా చేతుల్లో లేదు. చూసే కారులో ఉందిగా."

"మాతో ఒక్క మాట చెప్తే తీసుకెళ్లేవాళ్లం కదా బాబాయ్ గారూ."

"తీసుకెళ్లేవాళ్లే. మీరు మంచోళ్లు. కానీ ఎవరో చెప్తే తీసుకెళ్లిన ప్రయాణం ముసలాళ్లకి అరగదమ్మా. మీ అత్తగారు నోరు తెరిచి అడగదు. అందుకే డబ్బీతో అడిగింది. ఇంజను సంగతి జోజప్ప చెప్పాడు, అది మంచిదే. నేను చూస్తోంది నమ్మొచ్చా లేదా అని."

"కారునా?"

శౌరయ్య టీ తాగడంలో మునిగిపోయాడు. ఇన్నాళ్లూ తాను కారును తూకం వేస్తున్నాననుకుంది మేరమ్మ. ఆ తక్కెడలో ఇంకోవైపు కూర్చున్నది తానేనని తెలిసి ఆమెకు సిగ్గుపడాలో నవ్వాలో అర్థం కాలేదు. కాసేపటికి నవ్వే వచ్చింది.

షెడ్డుకు చేరేసరికి క్యాటరింగ్ ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. వెనక ఎన్ని గిన్నెలు పడతాయో చేతులతో కొలుస్తున్నాడు. ఆ కొలతల మధ్యలోంచి శౌరయ్య పాక్కుంటూ బయటికి దిగేసరికి జడుసుకుని పక్కకు తప్పుకున్నాడు. యేసుబాబు ముందుకొచ్చాడు.

"ఏం తేల్చారు సార్? చప్పుడు పోయిందా?"

కృపానందం అలవాటు ప్రకారం శౌరయ్య వైపు చూశాడు. శౌరయ్య విజిల్ జేబులో వేసుకున్నాడు. "ఇవాళ వెనక కూర్చుంది అమ్మాయి. అమ్మాయే చెప్తుంది."

హన్నమ్మ కిటికీలోంచి కోడలి మొహం వంక చూసింది. ఆ చూపులో భయం ఉంది. పైటచెంగు కింద చెయ్యి కదలలేదు.

"చప్పుడు ఉంది," అన్నది మేరమ్మ. "పోలేదు, పోదు కూడా. దాంతోనే తీసుకుంటాం."

యేసుబాబు కంగారుపడ్డాడు. "అట్టాగెందుకు టీచర్ గారూ? జోజప్పని పిలిచి మళ్లీ విప్పిస్తా."

"వద్దు. ఎవరూ ముట్టుకోవద్దు. అది బాగున్న చప్పుడే."

క్యాటరింగ్ ఆయన చప్పుడున్న కారు తనకు అక్కర్లేదన్నాడు. కృపానందం నోరు తెరిచి భార్యను చూశాడు, శౌరయ్యను చూశాడు, ఏమీ తేలక కారునే చూశాడు. ఆయనకు ఇంటికెళ్లాక చెప్పవచ్చని మేరమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి వంగింది.

"అత్తయ్యా, సోమవారం నుంచి శనివారం దాకా ఈ కారు మీ అబ్బాయిది. నాకు బస్సు ఎలాగూ ఫ్రీనే. ఆదివారం మీది. ఎటు పోవాలో మీరే చెప్పాలి, మేం అడగం, అడ్డు చెప్పం. సరేనా?"

హన్నమ్మకు సంగతి అర్థమైంది. డబ్బీ తీసి, దాచాల్సిన పని లేదన్నట్టు అందరి ముందే చిటికెడు పొడుం పీల్చింది. తుమ్మింది. కళ్లు తుడుచుకుంది, అది తుమ్ము వల్లేనని అందరూ అనుకునేలాగే తుడుచుకుంది. శౌరయ్య ఇక తనకు పని లేదన్నట్టు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"నువ్వెక్కడికి శౌరయ్యా? ఎక్కి కూర్చో," అన్నది హన్నమ్మ. తర్వాత కోడలి వైపు తిరిగి, కూరగాయల బేరం దగ్గర గీచి గీచి అడిగే గొంతుతో, "మీ బళ్లకి రెండో శనివారం కూడా సెలవే కదమ్మా?" అని అడిగింది.